డిప్లొమా గారు కట్టిన ప్రోగ్రామరు

ఆయనకి కన్నవాళ్లు పెట్టిన పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. వీధిలో మాత్రం ఎవరిని అడిగినా "డిప్లొమా గారి షాపా? అదిగో, ఆకుపచ్చ షట్టరు" అంటారు. ఆ 'గారు' అనేటప్పుడు పెదవి చివర చిన్న నవ్వొకటి తగిలిస్తారు. ఆ నవ్వు ఆయనకి ఒక్కడికే కనబడదు.

ఇరవై రెండేళ్ల కిందట ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా పాసయ్యాడు. రెండోసారి రాస్తే పాసయ్యాడని భార్య చెబుతుంది, ఆయన చెప్పడు. ఆ కాగితాన్ని అద్దాల ఫ్రేములో బిగించి, పనిబల్లకి సరిగ్గా ఎదురుగా మేకు కొట్టి తగిలించాడు. బల్ల దగ్గర కూర్చుని తలెత్తితే గడియారం కన్నా ముందు అదే కంటబడుతుంది. దాంతో ఆయన చదువు ముగిసింది. ఆ తర్వాత పట్టిన పుస్తకం లేదు, కొత్తగా నేర్చిన పని లేదు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటారే, ఈయన విషయంలో తాతా ఈయనే, మూతీ ఈయనదే.

రెండు చోట్ల ఉద్యోగం చేశాడు. మొదటి చోట సూపర్‌వైజరు "ఆ వైరు ఇటు కాదయ్యా" అన్నాడని మానేశాడు. రెండో చోట వాళ్లే మాన్పించారు. అప్పుడు పాడైన ఎలక్ట్రానిక్ బోర్డులు బాగుచేసే సొంత షాపు పెట్టాడు. సొంత షాపులో వైరు ఎటు పెట్టినా అడిగేవాడుండడు కదా!

వైద్యం కూడా అలాగే చేస్తాడు. బోర్డు సంచిలోంచి బయటికి రాకముందే రోగం చెప్పేస్తాడు.

"కెపాసిటర్."

"ఇంకా చూడలేదు కదండీ?" అంటుంది వచ్చినావిడ.

"చూడక్కర్లేదమ్మా. వాసనబట్టి చెప్పేస్తా."

అన్నిటికీ కెపాసిటరే. మార్చాక బోర్డు లేచి కూర్చుంటే అది డిప్లొమా మహిమ. లేవకపోతే "మార్కెట్లో అన్నీ డూప్లికేట్ పార్టులమ్మా, మనమేం చేస్తాం" అంటాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఈ వైద్యుడి పక్కన మూడేళ్లుగా కూర్చుంటున్నది ఆయన మేనకోడలు. అక్క కూతురు. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా తండ్రి మంచాన పడ్డాడు. పుస్తకాలు అటక మీదికి ఎక్కాయి, పిల్ల ప్లాస్టిక్ కవర్ల కంపెనీకి వెళ్లింది. అక్కడ రెండు నెలలు చేసింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి, నూరేసి కవర్లు లెక్కపెట్టి, కట్ట కట్టి, పక్కకి తోయడం. మళ్లీ నూరు. కవర్ల అంచులకి వేళ్లు చీరుకుపోయేవి. కూర్చోవడానికి స్టూలు అడిగినందుకు అక్కడి మేస్త్రీ నవ్విన నవ్వు ఆమెకి ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత మామయ్య ఇంట్లో అత్తయ్యకి సాయంగా ఉంటుందని ఇక్కడికి పంపారు.

వచ్చిన కొత్తలో షాపు ఊడ్చేది. మామయ్యకి దగ్గరి చూపు మందగించింది. కళ్లజోడు పెట్టుకుంటే వయసైపోయిందనుకుంటారని భయం. ఒకరోజు సోల్డరింగ్ ఐరన్ ఆమె చేతికిచ్చి "నేను చెప్తుంటా, నువ్వు అతుకు" అన్నాడు. అప్పటినుంచి ఆ షాపులో ప్రతి అతుకూ ఆమెదే. ప్రతి పొగడ్తా ఆయనదే.

ఆమె పెద్దగా మాట్లాడదు. గిరాకీలు వస్తే లైటు కింద ఇంకా వంగిపోతుంది. మాట్లాడని మనిషికి చూడ్డానికి బోలెడంత సమయం ఉంటుంది. ఏ బోర్డు ఎందుకు చచ్చిందో, మామయ్య ఏమని చెప్పాడో, అసలు ఎందుకు లేచిందో ఆమె మూడేళ్లుగా చూస్తూనే ఉంది. ఆ మూడూ ఒకదానితో ఒకటి కలిసిన రోజు ఒక్కటీ లేదు.

ఇక సంగతికొస్తే, మోటార్ల షాపాయన ఒకడున్నాడు. నీళ్ల ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయే చిన్న పెట్టెలు అమ్ముతాడు. ఆ పెట్టెల్లో బోర్డులు అతికేది ఇక్కడే. ఒక్కో బోర్డు మీద ఒక చిప్పు ఉంటుంది. కొత్త చిప్పు రాయని పలక లాంటిది, దానిలోకి ప్రోగ్రాం ఎక్కిస్తేనే ట్యాంకేదో మోటారేదో దానికి తెలుస్తుంది. ఇన్నాళ్లూ ఎవరో ఎక్కించి ఇచ్చేవారు. వాళ్లు షాపు ఎత్తేశారు. సోమవారం మోటార్ల షాపాయన నలభై ఖాళీ చిప్పులూ ఒక పెన్‌డ్రైవూ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఫైలు ఇందులో ఉంది. చిప్పుల్లోకి ఎక్కించడం నీకొచ్చా?"

"నన్నా అడుగుతున్నారు?" డిప్లొమా గారు గోడ మీది ఫ్రేము వైపు చెయ్యి చూపించాడు, అక్కడ ఇంకెవరో సాక్షి ఉన్నట్టు.

"ఆ కాగితం నాకూ కనబడుతోందిలే. ఎక్కించే మిషను ఉందా అని."

"మిషనా! ప్రోగ్రామరు అంటారు దాన్ని. ఆరు తీగలు, నాలుగు రెసిస్టర్లు. నేనే కడతా."

"బజార్లో అగ్గిపెట్టంత దొరుకుతుందటగా. కొనేసుకోవచ్చుగా?"

"కొనుక్కునేవాళ్లు కొనుక్కుంటారు. చదువుకున్నవాళ్లు కట్టుకుంటారు."

మోటార్ల షాపాయన ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "శనివారం సాయంత్రానికి నలభై కావాలి. కాకపోతే మొత్తం సరుకు పట్టుకుపోతా, ఇంకోచోట ఇచ్చుకుంటా" అని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే మామయ్య ఫోన్లో అమ్మతో మాట్లాడడం ఆమె వింది. వినకుండా ఉండడానికి ఆ షాపులో చోటు లేదు.

"ఈ ఆర్డరు పోయిందంటే మరి బోర్డుల పని ఉండదక్కా. బల్ల దగ్గర మనిషిని పెట్టుకుని ఏం చేయను? ఆ కవర్ల కంపెనీలోనే అడిగి ఉంచు. వచ్చే సోమవారం నుంచి పంపించేద్దాం."

ఆమె చేతిలో ఐరన్ ఆగిపోయింది. వేలి చివర పాత గీతలు, ఎప్పుడో మానిపోయినవి, చుర్రుమన్నట్టయింది.

ప్రోగ్రామరు కట్టడం అంత ఘనకార్యమేం కాదు. పాత కంప్యూటరుకి వెనక ప్రింటరు తగిలించే పోర్టు ఉంటుంది, ఇరవై అయిదు బెజ్జాలది. దానిలో దూరే కనెక్టరుకి ఆరు తీగలు అతికి, నాలుగింటికి దారిలో ఒక్కో రెసిస్టరు పెట్టి, రెండో కొసన చిప్పు కూర్చునే సాకెట్టు పెట్టాలి. అంతే. ఆ అంతదానికి డిప్లొమా గారు ఒకటిన్నర రోజు బొమ్మ గీశాడు. అట్టపెట్టె చింపి, దాని మీద స్కేలు పెట్టి, ఎర్ర పెన్నూ నల్ల పెన్నూ మార్చి మార్చి గీశాడు. టీ తెచ్చిన భార్య తొంగి చూసింది.

"ఇల్లు కడుతున్నారా ఏమిటండీ?"

"నీకర్థం కాదు."

"ఆ నలభై పోతే మాత్రం అందరికీ బాగా అర్థమవుతుంది. చిప్పులు పోతే చేతికి చిప్పే."

ఆయన ఆ మాట విననట్టు నటించి, అట్టముక్కని మేనకోడలి ముందు పెట్టాడు. ఆమె చూసింది. చూడగానే తెలిసింది. ఆయన కనెక్టరుని ముందు వైపు నుంచి చూసి ఒకటీ రెండూ మూడూ అని అంకెలు వేశాడు. తీగ అతికేది వెనక వైపు. వెనక్కి తిప్పితే ఎడమది కుడికొస్తుంది, ఒకటి ఉండాల్సిన చోట పదమూడు ఉంటుంది. రోజంతా బోర్డుల వీపులు చూస్తూ బతికేవాళ్లకి ఇది చొక్కా తిరగేసి తొడుక్కున్నంత తేలిగ్గా కనబడిపోతుంది.

"మామయ్యా... వెనక నుంచి చూస్తే అంకెలు..."

"అంకెలు నాకు నేర్పుతావా? నువ్వు తొమ్మిది, అదీ సగం. గీసినట్టు అతుకు."

గీసినట్టే అతికింది. బుధవారం సాయంత్రం కంప్యూటరు ముందు కూర్చుని ఆయన బటను నొక్కాడు. చిప్పు పలకడం లేదని తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. మళ్లీ నొక్కాడు. గట్టిగా నొక్కాడు. వేలి బలం తీగల్లోంచి పోతుందని డిప్లొమాలో చెప్పారేమో. కంప్యూటరు పాడైందన్నాడు. పోర్టు పోయిందన్నాడు. చిప్పులు డూప్లికేట్ అన్నాడు. తాను పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు.

గురువారం ఆయన భోంచేసి గంటసేపు నడుం వాల్చాడు. ఆ గంటలో పావుగంట ఆమెకి చాలు. ఆరు తీగలూ ఊడదీసి, అటువి ఇటు ఇటువి అటు అతికింది. పాత సోల్డరు తుడిచేసింది. అట్ట మీది బొమ్మ జోలికి మాత్రం పోలేదు.

లేచి వచ్చి బటను నొక్కాడు. చిప్పు పలికింది.

"చూశావా! నిన్న పోర్టు వేడెక్కిపోయింది. రెస్టు ఇస్తే అదే దారికొచ్చింది. ఇవి అనుభవంతో తెలియాలి."

"అవును మామయ్యా" అంది. అంటూ ఆయన ముఖంలోకి మొదటిసారి తిన్నగా చూసింది. అబద్ధం ఆడుతున్నాడేమోనని చూసింది. ఆడడం లేదు. నిజంగానే నమ్ముతున్నాడు. అబద్ధాలకోరయితే భయపడొచ్చు, ఒక పక్క గౌరవించనూ వచ్చు. ఈయన్ని ఏం చేయాలో ఆమెకి తోచలేదు. ఇన్నాళ్లూ ఈ మనిషి ముందా నేను నోరెత్తలేకపోయింది అనుకుంటే నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

పలికిన చిప్పుతో పని మొదలుపెట్టి ఉంటే గురువారం సాయంత్రానికే నలభై అయిపోయేవి. కానీ చూసేవాళ్లు లేనిదే డిప్లొమా గారికి చెయ్యాడదు. శుక్రవారం మోటార్ల షాపాయన్ని పిలిపించి, కుర్చీ వేయించి, టీ ఇప్పించి, అప్పుడు కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

ప్రోగ్రాం ఎక్కించే తెర మీద పక్కగా ఇంకో చిన్న పెట్టె ఉంటుంది. ఫ్యూజులు అంటారు. చిప్పు ఏ వేగంతో నడవాలి, ఆ వేగానికి కావలసిన తాళం, అంటే లయ, లోపలినుంచి తీసుకోవాలా బయటినుంచా, ఇవన్నీ అందులో టిక్కులు పెట్టి చెప్పాలి. కొత్త చిప్పుకి లోపలే తాళం ఉంటుంది. ట్యాంకు పనికి అది చాలు.

"ఇదుగో చూడండి, ఇక్కడ స్పీడు ఒకటి అని ఉంది. కింద పదహారుంది. ఎక్స్‌టర్నల్ క్రిస్టల్. పదహారు రెట్ల స్పీడు" అంటూ టిక్కు పెట్టాడు.

"ట్యాంకు నిండడానికి స్పీడు దేనికండీ?" అంది గుమ్మంలోంచి భార్య. "నీళ్లు వచ్చినప్పుడే కదా వస్తాయి."

మోటార్ల షాపాయన టీ కప్పులోకి నవ్వాడు. ఆ నవ్వుతో డిప్లొమా గారికి రోషం వచ్చింది.

మేనకోడలు ఆ టిక్కు చూడగానే చేతిలో పని పక్కన పెట్టింది. ఎక్స్‌టర్నల్ అంటే బయటిది. తొమ్మిదో తరగతి సగానికి ఆ మాత్రం ఇంగ్లీషు వస్తుంది. బయటినుంచి తాళం కొట్టేది క్రిస్టల్, ట్యాంకు బోర్డుల మీద అదే లేదు. నలభై బోర్డులూ ఆమే అతికింది, ఆమెకి తెలియదా? బయటి తాళం కోసం చిప్పు ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

"మామయ్యా, ముందు ఒక్కటి చేసి చూసి..."

"పెద్దవాళ్లు మాట్లాడుతున్నారు."

ఆమె తల దించుకుంది. బయటివాళ్లు ఉంటే ఆమె గొంతు అంతవరకే వస్తుంది.

మామూలు మనిషైతే ఒక్క చిప్పుకి మొదటినుంచి చివరిదాకా అన్నీ చేసి, పనిచేస్తోందో లేదో చూసుకుని రెండోదాని మీదికి పోతాడు. డిప్లొమా గారు పోడు. "ఫ్యాక్టరీ పద్ధతి" అన్నాడు. ముందు నలభైకీ టిక్కులు, ఆ తర్వాత నలభైకీ ప్రోగ్రాం. ఒక్కో చిప్పు సాకెట్లో పెట్టడం, బటను నొక్కడం, తీసి పక్కన పెట్టడం. నలభయ్యో చిప్పుకి టిక్కు పడ్డాక ఒళ్లు విరుచుకుని, మొదటి చిప్పు మళ్లీ పెట్టి ప్రోగ్రాం ఎక్కించే బటను నొక్కాడు.

చిప్పు పలకలేదు. రెండోది పలకలేదు. పదోది, ఇరవయ్యోది, ఒక్కటీ పలకలేదు. మోటార్ల షాపాయన కప్పు కింద పెట్టేశాడు.

"నిన్న పలికాయన్నావు."

"నిన్న పలికాయండీ. డూప్లికేట్ సరుకు. ఒకరోజు పనిచేసి పోతాయి."

"నలభైకి నలభై ఒకేసారి పోయాయా? మాట్లాడుకుని పోయాయా?" లేచాడు. "రేపు సాయంత్రం వస్తా. ఉంటే ఉన్నాయి, లేకపోతే ఇంకోచోట చూసుకుంటా."

శనివారం పొద్దున్నే డిప్లొమా గారు నలభై చిప్పుల్లో నాలుగు జేబులో వేసుకుని, వాటిని అమ్మినవాడితో పోట్లాడ్డానికి బయల్దేరాడు. ఉత్తరకుమారుడు యుద్ధానికి వెళ్లినట్టు, గుమ్మం దాటేదాకా ఆవేశమే.

ఆయన సందు తిరగగానే ఆమె పాత సామాన్ల డబ్బా కిందికి దించింది. అందులో ఒక తూకం మిషను బోర్డు ఉంది. పోయినేడాది దాని మీద రెండు కాళ్ల క్రిస్టల్ ఒకటి, వెండి రంగుది, అతుకు ఊడి వేలాడుతూ వచ్చింది. ఊడి ఉన్నంతసేపూ బోర్డు శవంలా పడి ఉంది. ఆమె అతికిన మరుక్షణం అంకెలు వెలిగాయి. మామయ్య అప్పుడు కెపాసిటర్ అని చెప్పి పంపాడు. ఆ బోర్డు వేరే రోగంతో మళ్లీ వచ్చి ఈ డబ్బాలో చేరింది.

చచ్చిపోలేదు ఇవి, ఎదురుచూస్తున్నాయి అనుకుంది.

ఆ క్రిస్టల్ ఊడదీసింది. సాకెట్లో చిప్పుకి తాళం అందే రెండు కాళ్ల దగ్గర దాన్ని అతికింది, దాంతోపాటు ఉన్న రెండు చిన్న కెపాసిటర్లనీ. మౌసు పట్టుకోవడం ఆమెకి అదే మొదటిసారి. చెయ్యి తడిసిపోయి మౌసు జారింది. బటను నొక్కింది.

చిప్పు పలికింది.

ఆమె మామయ్య పెట్టిన టిక్కు తీసేసి, పాత టిక్కు పెట్టింది. క్రిస్టల్ లేని ఇంకో సాకెట్టుకి తీగలు మార్చి, అదే చిప్పు పెట్టి నొక్కింది. మళ్లీ పలికింది. ప్రోగ్రాం ఎక్కించి బోర్డులో కూర్చోబెట్టి, నీళ్ల గ్లాసులో తీగలు ముంచింది. మోటారుని ఆపే రిలే టక్కుమంది.

గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది, ఎప్పటినుంచో.

"అయిందా?"

"అయింది అత్తయ్యా. అన్నీ అవుతాయి."

పన్నెండో చిప్పు చేస్తుండగా డిప్లొమా గారు తిరిగొచ్చాడు. వెళ్లినప్పటి ఆవేశం దారిలో ఎక్కడో జారిపోయింది. అమ్మినవాడు పదిమందిలో "ఏం టిక్కు పెట్టావయ్యా" అని అడిగితే చెప్పలేకపోయాడట. అది ఆ తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం తెర మీద పచ్చక్షరాలు చూసి, ఛాతీ మళ్లీ పొంగించాడు.

"లేచాయా? చెప్పానా, రెస్టు కావాలని! జరుగు, నేను చేస్తా."

ఆమె జరగలేదు. ఆయన చెయ్యి మౌసు వైపు వచ్చింది. ఆమె మౌసుని తన వైపు లాక్కుంది. ఆయన ముఖం చూడకుండా, గుమ్మం వైపు తిరిగి, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అంది:

"అత్తయ్యా, మామయ్యని అవతల కుర్చీలో కూర్చోమనండి. ముట్టుకుంటే మళ్లీ పోతాయి."

ఆ మాటని అత్తయ్య కాసేపు చప్పరించి, తర్వాత ఎంతో మర్యాదగా అందించింది.

"ఏవండీ, అవతల కూర్చోవాలట."

"అంటే? నా షాపులో నేను..."

"సాయంత్రం ఆయన వచ్చేసరికి నలభై ఉండాలా, మీరు ఉండాలా? ఏదో ఒకటి చెప్పండి."

కూర్చున్నాడు. వీధి వైపు తిరిగి, ఎవరూ రాకపోయినా ఎవరికోసమో చూస్తున్నట్టు కూర్చున్నాడు. జేబులో నాలుగు చిప్పులూ అత్తయ్య వెళ్లి అడిగి తెచ్చింది.

మోటార్ల షాపాయన వచ్చేసరికి ముప్ఫై ఒకటి అయ్యాయి, మిగతావి ఇంకో గంట పని. రెండు తీసి నీళ్ల గ్లాసుతో తనే పరీక్ష చేసుకున్నాడు. రెండూ టక్కుమన్నాయి.

"నిన్న చచ్చినవి ఇవాళ ఎలా లేచాయి?"

"అది ఏంటంటేనండీ" డిప్లొమా గారు కుర్చీలోంచి లేచాడు, "ఫ్యాక్టరీ పద్ధతిలో ఒక్కోసారి..."

"నిన్నడగలేదు." ఆయన బల్ల వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా."

ఉంటున్నది మామయ్య ఇంట్లో, తింటున్నది అత్తయ్య చేతి అన్నం. నోరు మూసుకుంటే ఆర్డరు మామయ్యదే అవుతుంది, వచ్చే నెల మళ్లీ ఇంకో టిక్కు పెడతాడు. అప్పుడు మళ్లీ కవర్ల కంపెనీ. చిప్పు మీదినుంచి చూపు తిప్పకుండా అంది:

"మామయ్య తప్పు టిక్కు పెట్టారు. నేను తీశాను."

"చిన్నపిల్లండీ, తొమ్మిదో తరగతి, దానికేం..."

"తొమ్మిది చాలులే. వచ్చే నెల చిప్పులు తెచ్చి ఈ అమ్మాయి చేతికే ఇస్తా. ఈ అమ్మాయి ఇక్కడుంటే ఇక్కడికి తెస్తా, లేకపోతే ఎక్కడుంటే అక్కడికి. నువ్వు షట్టరు తియ్యి, వెయ్యి, అది బాగా వచ్చు నీకు."

ఆయన వెళ్లిన పది నిమిషాలకి డిప్లొమా గారు అక్కకి ఫోన్ చేశాడు. గొంతు మళ్లీ మామూలుగా అయింది, ఏమీ జరగనట్టు.

"కవర్ల కంపెనీలో వద్దని చెప్పెయ్యక్కా. పిల్లకి అన్నీ నేర్పించేశాను. చాలా కష్టపడాల్సొచ్చిందనుకో, కానీ మన పిల్ల కదా."

ఆమె విన్నది. మూడేళ్ల కిందటైతే ఏడ్చేది. నిన్నయితే కోపం వచ్చేది. ఇప్పుడు ఆ మాటలు వీధిలో పోయే బండి చప్పుడులా వినబడి పోయాయి. తొమ్మిది చిప్పులు మిగిలి ఉన్నాయి.

ఫోన్ పెట్టేసి ఆయన మెల్లగా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆమె భుజం మీంచి వంగి, పట్టకారు కొసన ఉన్న చిప్పుని కళ్లు చికిలించి చూడబోయాడు. ఆయన తల నీడ సాకెట్టు మీద పడింది.

"మామయ్యా" అంది, ఈసారి అత్తయ్యని మధ్యలో పెట్టకుండానే. "వెలుతురుకి అడ్డం జరగండి."

ఆయన జరిగాడు.